డిక్రీ వచ్చింది సరే, పైసలెప్పుడొస్తాయి?

(దేవరకొండలో చిరువ్యాపారులు, రైతులు కలిసి పెట్టుకున్న సమావేశంలో నల్లగొండ న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగం ఇది. చెప్పిందే మళ్లీ చెప్పిన చోట్ల కుదించాం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని చేర్చాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచిన పెద్దలు "అప్పు కేసు ఎట్ల వెయ్యాలో చెప్పండి సార్" అన్నారు. అది వద్దులెండి అన్నాను. కేసు వెయ్యడం ఇక్కడున్న వాళ్లలో సగం మందికి నాకంటే బాగా తెలుసు. ప్రోనోటు రాయించుకోవాలి, రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం పోవాలి, మూడేళ్లు దాటకముందే దావా పడాలి. గెలవడం కూడా పెద్ద కష్టమేం కాదు. నోటు నిజమైనదై, సాక్షి నిలబడితే చాలు. చాలా కేసుల్లో అవతలి మనిషి కోర్టు గడపే తొక్కడు, ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే అతను లేకుండానే పైసలివ్వాలన్న తీర్పు, అయిపోతుంది. ఆ రోజు సాయంత్రం మా ఆఫీసుకు స్వీటు డబ్బా వస్తుంది. ఆర్నెల్ల తర్వాత అదే మనిషి వచ్చి, "సార్, డిక్రీ అయితే అయింది గానీ పైసలెప్పుడొస్తయ్?" అని అడుగుతాడు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ ప్రశ్న గురించే.

ఇది ఇప్పటి గోస కూడా కాదు. 1872లోనే లండన్‌లో కూర్చున్న ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మనకు చివరి అప్పీలు కోర్టు, జడ్జీలు, ఈ దేశంలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని తీర్పులో రాశారు. నూటయాభై ఏళ్లు దాటింది, ఆ మాటను మన సుప్రీంకోర్టు ఇంకా తన తీర్పుల్లో ఎత్తి రాస్తూనే ఉంది.

ముందు ఒక భ్రమ తీసేద్దాం. డిక్రీ ఇచ్చిన కోర్టే పైసలు వసూలు చేసి మీ చేతిలో పెడుతుందని చాలామంది అనుకుంటారు. పెట్టదు. "ఫలానా వ్యక్తి ఫలానా వ్యక్తికి ఇంత ఇవ్వాలి" అని తేల్చి చెప్పడంతో ఆ దావా ముగిసింది. వసూలు కోసం మీరు మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. దాన్నే ఎగ్జిక్యూషన్ పిటిషన్, ఈపీ అంటాం. హైదరాబాదులో సిటీ స్మాల్ కాజెస్ కోర్టని వేరే ఉంది గానీ, మన జిల్లాల్లో చిన్న మొత్తాల కేసులన్నీ జూనియర్ సివిల్ జడ్జి కోర్టులోనే నడుస్తాయి. పెద్దవాళ్లు ఇప్పటికీ మున్సిఫ్ కోర్టనే అంటారు. డిక్రీ ఇచ్చిన ఆ కోర్టులోనే ఈపీ కూడా వెయ్యాలి. బాకీదారు ఆస్తి వేరే కోర్టు పరిధిలో ఉంటే, అంటే డిక్రీ దేవరకొండలో అయి, ప్లాటు కల్వకుర్తిలో ఉందనుకోండి, ఇక్కడి నుంచి డిక్రీని అక్కడికి ట్రాన్స్‌ఫర్ చేయించుకోవాలి.

ఎన్నాళ్లలో వెయ్యాలి? డిక్రీ నాటి నుంచి 12 ఏళ్లు గడువుంది. అది విని హాయిగా కూర్చోకండి. రెండేళ్లు దాటాక వేస్తే ముందు బాకీదారుకు నోటీసు వెళ్లాలి. "నీ ఆస్తి జప్తు చేయించడానికి వస్తున్నాం" అని ముందే కబురు పంపినట్టే కదా? ఆ నోటీసు అందేలోపు బండి బావమరిది పేరు మీదికి, ప్లాటు భార్య పేరు మీదికి వెళ్లిపోతాయి. అందుకే డిక్రీ నకలు చేతికి రాగానే ఈపీ రాయించండి అంటాను.

ఈపీ అంటే ఒక పట్టిక. దావా నంబరు, డిక్రీ తేదీ, ఇరుపక్షాల పేర్లు, అప్పీలు పడిందా లేదా, ఇంతకుముందు ఏమైనా కట్టాడా, ఇంకా రావలసింది ఎంత, ఖర్చులెంత. వీటన్నిటికీ గడులు ఉంటాయి, మా గుమస్తా నింపుతాడు. చివరి గడి మాత్రం ఆయనకు చేతకాదు, నాకూ చేతకాదు. అందులో కోర్టు అడిగేది ఒక్కటే: డబ్బు ఏ విధంగా వసూలు చేయమంటారు? జీతం ఆపమంటారా, బ్యాంకు ఖాతా పట్టమంటారా, సామాను జప్తు చేయమంటారా, భూమి వేలం వేయమంటారా, మనిషిని జైలుకు పంపమంటారా? దానికి మీరే జవాబు చెప్పాలి. బాకీదారుకు ఏం ఉందో కోర్టు వెతికిపెట్టదు. ఎంతసేపూ "ఆయనకు చాలా ఉంది సార్" అంటారు. ఏ ఊళ్లో, ఏ సర్వే నంబరులో, ఎవరి పేరు మీద అంటే నోరు తెరవరు. ఈపీలు కోర్టులో ఏళ్లతరబడి పడి ఉంటున్నాయంటే సగం కారణం ఈ గడి. మిగతా సగం మా వకీళ్లు, కోర్టులు కలిసి పంచుకోవచ్చు. (నవ్వులు)

నేను బాకీదారుల తరఫున కూడా వాదిస్తాను, దాచుకోవడం ఎందుకు. కాబట్టి ఎటు నుంచి జారిపోతారో నాకు తెలుసు. ఆస్తి వివరం పక్కాగా ఉన్న ఈపీ మీద మేమేం పెద్దగా చెయ్యలేం. "స్థిర చరాస్తులు జప్తు చేయగలరు" అని గుండుగుత్తగా రాసిన ఈపీ వచ్చిందనుకోండి, ఆ రోజు మాకు పని తేలిక.

జీతగాడితో మొదలుపెడతాను, అది అన్నిటికంటే సులువు. బాకీదారు గవర్నమెంటు టీచరో, ఆర్టీసీ ఉద్యోగో, ప్రైవేటు కంపెనీ ఉద్యోగో అయితే జీతం జప్తు అడగండి. చట్టం లెక్క ఇది: జప్తుకు లెక్కేసే జీతంలో మొదటి 1,000 రూపాయలు వదిలెయ్యాలి. మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు అతనికే వదలాలి. ఒక వంతు మీకు. జీతం 40,000 అనుకుంటే 1,000 పోను 39,000, అందులో 13,000 నెలనెలా కోర్టులో జమ అవుతుంది. అది కూడా ఒక డిక్రీ కింద మొత్తం 24 నెలలే. ఆ లెక్కన 3,12,000 దాకా వస్తుంది. మన చేబదుళ్ల కేసులకు సాధారణంగా అది సరిపోతుంది. జీతం పంచే అధికారికి కోర్టు ఉత్తర్వు వెళ్తుంది, ఆయన కోయకుండా వదిలేస్తే ఆ మొత్తానికి పూచీ ఆయన మీద పడుతుంది. అందుకని కోసి తీరతారు. కాకపోతే పింఛను మీద, పీఎఫ్ మీద చెయ్యి వెయ్యలేరు. రేపో మాపో రిటైరయ్యే మనిషైతే ఆలస్యం చేయకండి.

తర్వాత బ్యాంకు ఖాతా. ఇక్కడ మీ ఫోన్లోనే సాక్ష్యం ఉంటుంది. మంచిగున్న రోజుల్లో ఆయన మీకు ఎప్పుడో ఒక చెక్కు ఇచ్చి ఉంటాడు, లేదా ఫోన్‌పే చేసి ఉంటాడు. బ్యాంకు పేరు, బ్రాంచి దాన్నిబట్టి దొరుకుతాయి. పాత చెక్కు జిరాక్సు పారెయ్యకండి. ఖాతా నంబరు, బ్రాంచి రాసి అడిగితే కోర్టు ఆ బ్యాంకుకు గార్నిషీ నోటీసు పంపుతుంది. అంటే "నువ్వు ఇతనికి ఇవ్వాల్సిన పైసలు ఇతనికి ఇవ్వకు, కోర్టులో కట్టు" అని. నోటీసు అందిన నాడు ఖాతాలో 212 రూపాయలే ఉంటే మీ పని అంతే. వరి రైతుకు, మిల్లరుకు, పత్తి వ్యాపారికి పైసలు పడే కాలాలు మీకు నేను చెప్పాలా? నోటీసు ఆ కాలానికి అందేలా ఈపీ వేయించండి.

గార్నిషీ అంటే బ్యాంకుకు మాత్రమే అనుకోకండి. ఈ సంగతి మీద కొంచెంసేపు ఆగుతాను, మీ వ్యాపారాలకు బాగా పనికొచ్చేది ఇదే. ఆ మధ్య ఒక బత్తాయి రైతు వచ్చాడు. తోట గుత్తకు తీసుకున్న వ్యాపారి కాయ కోసుకుపోయి సగం పైసలు ఎగ్గొట్టాడు. డిక్రీ అయింది. వ్యాపారికి భూమి లేదు, ఉండేది కిరాయి ఇల్లు, లారీ ఫైనాన్సులో ఉంది. "అయిపోయింది సార్, వాని దగ్గరేం లేదు" అన్నాడు రైతు. కాయ ఎక్కడికి పంపుతాడని అడిగాను. ఒక కమీషన్ దుకాణం పేరు చెప్పాడు. ప్రతి సీజన్‌లో ఆ దుకాణం నుంచి ఇతనికి పట్టీ డబ్బులు రావాలి. అంటే మన బాకీదారుకు బాకీదారు ఉన్నాడన్న మాట. దుకాణానికి గార్నిషీ నోటీసు వేయించాం. నోటీసు అందిన మూడో రోజు వ్యాపారే రైతు ఇంటికి వచ్చాడు. లారీ పోయినా ఫరవాలేదు, కమీషన్ దుకాణం దగ్గర మాట పోతే వచ్చే సీజన్‌కు అడ్వాన్సు పుట్టదు. మీ బాకీదారుకు ఎవరు పైసలివ్వాలో కనుక్కోండి: కాంట్రాక్టు బిల్లులు, చిట్టీ పాట, మడిగల కిరాయి, మిల్లు బకాయి, ఏదైనా.

సామాను జప్తు గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఒంటి మీది బట్టలు, వంట గిన్నెలు, మంచాలు, పరుపులు, మంగళసూత్రం, కమ్మరి వడ్రంగి పనిముట్లు, రైతు అరక, అతని బతుకుకు కావాల్సిన ఎడ్లు, విత్తనాలు, వీటిని అమీనా, అంటే జప్తుకు వచ్చే కోర్టు ఉద్యోగి, ముట్టుకోకూడదు. కూలీల కూలి డబ్బులు కూడా అంతే. అవి పోను మిగిలేది టీవీ, ఫ్రిజ్, బీరువా. సెకండ్‌హ్యాండ్ టీవీ వేలం వేస్తే బత్తా, అంటే అమలు కోసం మీరు కోర్టులో కట్టే ఖర్చులు, వెళ్తాయో వెళ్లవో. బండి సంగతి వేరు, ఫైనాన్సు లేని బండైతే బాగానే పలుకుతుంది. ముందు ఆర్సీ మీద ఏ ఫైనాన్సు కంపెనీ పేరుందో చూడండి. ఉంటే ముందు హక్కు వాళ్లది.

ఇక భూమి. మన దగ్గర చివరికి అంతా భూమి దగ్గరికే వస్తుంది.

భూమి జప్తుకు సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు కావాలి. ఇప్పుడు భూభారతిలో సర్వే నంబరు కొడితే పట్టాదారు వివరం కనిపిస్తుంది. ఇళ్లు, ప్లాట్లకు రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ తీయండి, దాని మీద ఇప్పటికే తనఖా ఉందా, అమ్మకం అయిందా తెలుస్తుంది. ఒక చిక్కు చెబుతాను, ఇది మా దగ్గర రోజూ చూస్తాం. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన అయింది కదా, అప్పుడు చాలా ఊళ్లలో బై నంబర్లు మారాయి. పాత పాస్‌బుక్‌లో 143 అని ఉంటే కొత్తదాంట్లో 143/ఆ/2 అయింది. పాత నంబరు పెట్టి ఈపీ వేస్తే, అవతలి వకీలు లేచి "ఈ నంబరులో మా క్లయింటుకు భూమే లేదు" అంటాడు. అబద్ధం కూడా కాదు. దాంతో రెండు మూడు వాయిదాలు పోతాయి. కొత్త పాస్‌బుక్ నంబరుతోనే వెయ్యండి.

అన్ని భూములూ వేలానికి రావు. లావుణి పట్టా, అంటే సర్కారు అసైన్ చేసిన భూమి అయితే, కోర్టు డిక్రీ కింద కూడా అమ్మడానికి వీల్లేదు, 1977 నాటి చట్టం అడ్డం వస్తుంది. అమ్రాబాద్ వైపు ఏజెన్సీ ఊళ్లలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోదు. వ్యవసాయం మీదే బతికే రైతు ఉంటున్న ఇల్లు కూడా జప్తు కాదు. పొలం మాత్రం అవుతుంది. ఈ తేడా తెలియక ఇల్లు రాయించి, నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

జప్తు ఎలా జరుగుతుందో చూసినవాళ్లు చేతులెత్తండి. ముగ్గురు నలుగురు ఉన్నారు. మిగతావాళ్ల కోసం చెబుతాను. అమీనా కోర్టు ఉత్తర్వు పట్టుకుని ఊళ్లోకి వస్తాడు, మీరో మీ మనిషో వెంట ఉండి పొలం చూపించాలి. డప్పు కొట్టించి చాటింపు వేస్తారు: ఫలానా సర్వే నంబరు జప్తు అయింది, దీన్ని అమ్మడానికి గానీ, తనఖా పెట్టడానికి గానీ, ఎవరూ కొనడానికి గానీ వీల్లేదు. ఒక కాపీ పొలం దగ్గర కనిపించే చోట అంటిస్తారు, ఒకటి కోర్టు నోటీసు బోర్డు మీద, ఒకటి కలెక్టరాఫీసులో, ఒకటి గ్రామపంచాయతీ ఆఫీసులో. పంచుల సంతకాలు తీసుకుంటారు. ఊళ్లో ఎవరూ సంతకానికి ముందుకు రారు, "మాకెందుకు లొల్లి" అంటారు. అమీనా ఎండలో నిలబడి ఒక్కొక్కరినీ బతిమాలుకుంటాడు. నిజానికి చాలా కేసులు ఇక్కడే తెగిపోతాయి. కోర్టులో ఏళ్లుగా దొరకని మనిషి, పంచాయతీ ఆఫీసు గోడ మీద తన పేరు చూశాక తెల్లారేసరికి ఊరి పెద్దమనుషులను వెంటబెట్టుకుని వస్తాడు.

రాకపోతే వేలం. ఇది పొడుగు వ్యవహారం. వేలం ప్రకటన వేశాక కనీసం 15 రోజులు ఆగాలి. అప్పుకు సరిపడినంత భూమే అమ్మాలి, రెండు లక్షల బాకీకి ఐదెకరాలు అమ్మేస్తే ఆ వేలం తర్వాత నిలబడదు. పాట పాడినవాడు ఆ రోజే నాలుగో వంతు కట్టాలి, మిగతాది 15 రోజుల్లో. ఊళ్లో మొహమాటానికి ఎవరూ పాటకు రారు. అప్పుడు డిక్రీదారే కోర్టు అనుమతి తీసుకుని పాడుకోవచ్చు, తనకు రావలసిన బాకీని పాట ధరలో సర్దుకోవచ్చు. అనుమతి లేకుండా పాడితే, బాకీదారు అర్జీ పెడితే కోర్టు ఆ వేలాన్ని రద్దు చేయొచ్చు. వేలం అయిన 60 రోజుల్లోపు బాకీదారు ప్రకటనలో చూపిన బాకీ మొత్తం, దాంతోపాటు కొన్నవాడి కోసం పాట ధరలో 5 శాతం కడితే వేలం రద్దవుతుంది. నా దృష్టిలో అది మంచి నిబంధనే. మీకు పైసలు కావాలి, ఆయనకు భూమి కావాలి.

జైలు మాట రాలేదేమని ముందు వరుసలో పెద్దాయన అప్పటినుంచీ చూస్తున్నారు. వస్తున్నా.

మా ఆఫీసుకు వచ్చే వాళ్లలో సగం మంది మొదటి మాట "వాణ్ని లోపలేయించాలి సార్". కోపం అర్థమవుతుంది. కానీ వినండి. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ సంగతి తేల్చారు: చేతిలో స్తోమత ఉండి కూడా దురుద్దేశంతో ఎగ్గొడుతున్నాడని తేలితేనే జైలు. బీదతనానికి జైలు లేదు. స్తోమత ఉందని ఎవరు నిరూపించాలి? మీరే. మా భాషలో మీన్స్ ఎంక్వైరీ అంటాం. ఆయన పొలం, కిరాయిలు, కొత్తగా కొన్న బండి, వ్యాపారం లెక్కలు, ఇవన్నీ మీరు బోనెక్కి చెప్పాలి, కాగితాలు చూపాలి. బాకీ 2,000 దాటకపోతే జైలే లేదు. 5,000 దాటితే గరిష్ఠంగా మూడు నెలలు. ఆడవాళ్లను డబ్బు డిక్రీ కింద అరెస్టు చెయ్యకూడదు. పొద్దు గూకాక ఇంట్లోకి వెళ్లి పట్టుకోకూడదు. ఆయన జైల్లో ఉన్నన్నాళ్లు తిండి ఖర్చు, జైలు బత్తా, ముందుగా మీరే కోర్టులో కట్టాలి. (నవ్వులు) నవ్వకండి, నిజంగానే కట్టాలి. బయటికొచ్చాక బాకీ అలాగే ఉంటుంది గానీ అదే డిక్రీ మీద మళ్లీ అరెస్టు చేయించలేరు. తూటా ఒక్కటే. ఒక్కోసారి అరెస్టు నోటీసు అందగానే కిస్తీలకు ఒప్పుకుంటారు, కాదనను. ఆస్తి కనిపిస్తున్న మనిషి మీద మాత్రం నేను ముందు అరెస్టు ఈపీ వెయ్యను.

దానికంటే నాకు ఇష్టమైన దారి ఇంకొకటుంది, ఎందుకో ఎక్కువమంది వాడరు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 21, రూల్ 41. డిక్రీ అయి 30 రోజులైనా పైసలు రాకపోతే, "నీ ఆస్తులేమిటో ప్రమాణ పత్రం దాఖలు చెయ్యి" అని బాకీదారును ఆదేశించమని కోర్టును అడగొచ్చు. బోనెక్కించి ప్రశ్నలు కూడా అడగొచ్చు. ఖాతాలెక్కడ, భూమెక్కడ, నీకు ఎవరివ్వాలి? ఆ ఆదేశం ఖాతరు చేయకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు. ఇక్కడ జైలు పేదరికానికి పడేది కాదు, కోర్టు మాట వినకపోయినందుకు పడేది. నేను ఇందాక చెప్పిన చివరి గడి నింపడానికి చట్టమే ఇచ్చిన దారి ఇది. మీ వకీలును అడగండి, "సార్, రూల్ 41 వేద్దామా?" అని.

అన్నిటికంటే ముందే చేసుకోవాల్సిన పని మరొకటుంది. దావా నడుస్తుండగానే బాకీదారు ఆస్తులు అమ్ముకుని జారుకుంటున్నాడని ఆధారం దొరికితే, తీర్పు రాకముందే జప్తు అడగొచ్చు. ఆర్డర్ 38, రూల్ 5. ఊరికే "అమ్ముకుంటాడేమోనని భయంగా ఉంది" అంటే కుదరదు, బేరం పెట్టాడని, ఎవరితో పెట్టాడో అఫిడవిట్‌లో చెప్పాలి. అది అయితే డిక్రీ వచ్చాక మళ్లీ జప్తు అక్కర్లేదు, నేరుగా వేలానికి వెళ్లొచ్చు.

బాకీదారులు వాడే ఎత్తులు రెండు చెప్పి ముగిస్తాను, తర్వాత మీరు అడగండి. ఒకటి, ఎక్స్‌పార్టీ డిక్రీని కొట్టేయమని, ఏళ్ల తర్వాత మేల్కొని అర్జీ పెట్టడం. గడువు 30 రోజులే, కాబట్టి ఆలస్యం మాఫీ చేయమని దానికి ఇంకో అర్జీ. కోర్టులు చాలాసార్లు డిక్రీ మొత్తంలో కొంత భాగం కడితేనే అని షరతు పెడతాయి. ఆ షరతు పెట్టమని మీ వకీలు గట్టిగా అడగాలి. అప్పీలు వేసినా అంతే, అప్పీలు పడినంత మాత్రాన ఈపీ ఆగదు, స్టే ఉంటేనే ఆగుతుంది. "అప్పీలేసిన" అన్నవాణ్ని స్టే కాగితం చూపించమనండి.

రెండోది ఐపీ. మన దగ్గర "ఐపీ పెట్టిండు" అంటే అందరి గుండెల్లో రాయి పడుతుంది. దివాలా పిటిషన్ పడినంత మాత్రాన మీ బాకీ మాయమైపోదు. కోర్టు విచారించి దివాలాదారుగా ప్రకటించాలి, ఆయన ఆస్తంతా రిసీవర్ చేతికి పోవాలి, అందులోంచి అప్పులవాళ్లందరికీ వాటాలు రావాలి. నోటీసు అందితే హాజరవండి. దివాలాకు ముందు రెండేళ్లలో పెళ్లాం పేరు మీదికో, తమ్ముడి పేరు మీదికో మార్చిన ఆస్తులుంటే, నిజమైన ధర ఇచ్చి కొన్నది కాకపోతే, వాటిని రద్దు చేయించే అధికారం 1920 నాటి చట్టంలోనే ఉంది. ఎవరూ పోకపోతే ఆయన చెప్పిందే రికార్డవుతుంది.

ఇక అడగండి.

*మా బాకీదారు చచ్చిపోయిండు సార్. కొడుకులు "మాకు సంబంధం లేదు" అంటున్నరు.*

ఉంది. తండ్రి నుంచి వాళ్లకు వచ్చిన ఆస్తి మేరకు ఉంది. సొంత సంపాదన మీద లేదు. వారసులను ఈపీలో చేర్చండి, వాళ్లకు నోటీసు తప్పనిసరి. విరాసతు కింద భూమి కొడుకుల పేరు మీదికి మారిందా చూడండి. మారితే ఎంత వచ్చిందో ఆ కాగితంలోనే ఉంటుంది.

*వడ్డీ ఎట్ల లెక్కకడ్తరు? నోటు మీద రెండు రూపాయలని రాసుకున్నం.*

నూటికి రెండంటే సాలుకు 24. డిక్రీ దాకా ఏ రేటు ఇవ్వాలో కోర్టు చూస్తుంది. డిక్రీ తర్వాత మాత్రం మామూలుగా అసలు మీద సాలుకు 6 శాతం మించదు, వ్యాపార లావాదేవీ అయితే ఎక్కువ ఇవ్వొచ్చు. అసలు 1,50,000 అయితే ఏడాదికి 9,000, నెలకు 750. కాబట్టి ఆలస్యమైతే వడ్డీ పెరుగుతుందిలే అని కూర్చుంటే మీకే నష్టం. ఇంకోటి, వడ్డీ వ్యాపారం మీద బతికేవాళ్లకు తెలంగాణలో లైసెన్సు ఉండాలి, నిజాం కాలంలో, అప్పటి ఫసలీ క్యాలెండర్ లెక్కన 1349లో, వచ్చిన చట్టం అది. లైసెన్సు లేని వడ్డీ వ్యాపారి దావా నిలవదని అవతలివాళ్లు వాదిస్తారు. తెలిసినవాడికి ఒకసారి చేబదులిచ్చినవాళ్లు దానికి భయపడక్కర్లేదు.

*ఈపీ నడుస్తుంటే ఆయన ఫోన్‌పేల కొంచెం కొంచెం కొడుతున్నడు. తీసుకోవాల్నా?*

తీసుకోండి, ఎందుకు వద్దు? తీసుకున్న ప్రతిసారీ తేదీ, మొత్తం రాసి కోర్టులో మెమో వెయ్యండి. బాకీదారులు ఇక్కడ ఎవరైనా ఉంటే మీకూ ఒక మాట: కోర్టు బయట చేతికిచ్చిన పైసలను కోర్టులో నమోదు చేయించుకోకపోతే, ఈపీ నడిపే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. నమోదు చేయమని మీరు అడగడానికి 30 రోజులే గడువు. పెద్దమనుషుల ముందు లక్ష ఇచ్చి, కాగితం లేక మళ్లీ కట్టుకున్నవాళ్లు ఉన్నారు.

*ఆర్నెల్లల్ల తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పిందంటున్నరు, నిజమేనా?*

నిజమే. 2021లో రాహుల్ షా కేసులో, ఈపీ వేసిన ఆర్నెల్లలో ముగించాలి, ఆలస్యమైతే కారణం రాతపూర్వకంగా రాయాలి అన్నది. 2025 మార్చిలో మళ్లీ, పెండింగ్ ఈపీల లెక్కలు తెప్పించుకోమని హైకోర్టులకు చెప్పింది. మీ వకీలు ఆ తీర్పు కాపీ పెట్టి త్వరగా వాయిదాలు ఇవ్వమని అడగొచ్చు. కానీ బత్తా కట్టకుండా, అమీనా వెంట మనిషిని పంపకుండా, ఆర్నెల్లు కాలేదా అని అడిగితే జడ్జిగారు మన వైపే చూస్తారు.

*నా దగ్గర వకీలు ఫీజుకు పైసల్లేవు.* (ఒక మహిళ)

అమ్మా, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండానే ఉచితంగా వకీలును పెడతారు. ఎస్సీ, ఎస్టీలకూ అంతే, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల ఆఫీసు ఉంటుంది, ఒక అర్జీ, ఆధార్, డిక్రీ నకలు పట్టుకెళ్లండి. దావాకే కాదు, ఈపీకి కూడా ఇస్తారు.

*లోక్ అదాలత్‌ల సగానికి సగం తీసుకొని రాజీ పడమంటున్నరు. పడొచ్చా?*

అది మీ ఇష్టం, మీ బాకీదారు ఆస్తిని బట్టి చూసుకోండి. జీతం దొరికే మనిషి దగ్గర సగానికి ఎందుకు పడతారు? ఏమీ లేని మనిషి దగ్గర సగం చేతికొస్తే చెడ్డ బేరం కాదు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు, అది కోర్టు డిక్రీతో సమానం. కాబట్టి అందులో ఏం రాయించుకుంటారో అదే ముఖ్యం. కిస్తీలైతే ప్రతి కిస్తీకి తేదీ రాయించండి. ఒక్క కిస్తీ తప్పినా, వదులుకున్నదంతా కలిపి పూర్తి డిక్రీ మొత్తానికి ఈపీ వేసుకోవచ్చని ఒక వాక్యం పెట్టించండి. ఆ వాక్యం లేకపోతే మిగిలిన కిస్తీల కోసమే తిరగాల్సి వస్తుంది. మొదటి కిస్తీ అక్కడే, సంతకం పెట్టే రోజే చేతిలో పెట్టమనండి.